కొండమీద ఊళ్లో బడి అంటే ముందు షెడ్ వేసేయకండి

మొన్న ఒక ఫ్రెండ్ ఫోన్ చేసి, మా బ్యాచ్ అంతా కలిసి లక్ష పోగేశాం, అల్లూరి జిల్లా పాడేరు పక్క రోడ్డు లేని గిరిజన ఊళ్లో బడి కట్టిద్దామనుకుంటున్నాం అన్నాడు. కట్టకురా బాబూ అన్నాను. నేనూ అదే పని చేశాను మరి. రేకులు కూలోళ్ల భుజాల మీద గెడ్డ, అదే కొండ వాగు, దాటించి మరీ షెడ్ వేయించాం, రెండో వానాకాలానికి అందులో మేకల్ని కట్టేశారు. వాళ్లనేం అనలేం, ఎక్కడ వేయాలో కూడా మేం ఊరోళ్లని అడగలేదు.

ముందు ఉత్త చేతుల్తో వెళ్లండి. పగలు వెళ్తే అందరూ పోడులో, అంటే కొండ వాలు సేద్యంలో ఉంటారు, సంత రోజైతే అసలు ఎవరూ దొరకరు, సాయంత్రం వెళ్లి రాత్రికి అక్కడే పడుకోవాలి. ఇంటింటికీ తిరిగి పిల్లల పేరు, వయసు, తల్లి పేరు, ఆధార్ ఉందా లేదా రాసుకోండి. అసలు చిక్కంతా ఈ ఆధార్ దగ్గరే. కాన్పు ఇంట్లోనే అయిపోతే చాలామందికి బర్త్ సర్టిఫికెట్ ఉండదు, అది లేకపోతే ఆధార్ రాదు, ఆధార్ లేదని బడిలో పేరు ఎక్కించరు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 14 ప్రకారం వయసు రుజువు లేదని అడ్మిషన్ ఆపకూడదు, ఈ మాట హెడ్‌మాస్టర్‌కి మర్యాదగానే గుర్తుచేయండి. పుట్టి ఏడాది దాటితే రిజిస్ట్రేషన్‌కి మెజిస్ట్రేట్ ఆర్డర్ కావాలి, ఒక్కొక్కళ్లూ కొండ దిగి తిరగలేరు, అందుకే ఊరంతటికీ ఒకేసారి క్యాంపు పెట్టమని అడగడం మేలు.

తర్వాత కాగితం. మన రాష్ట్ర రూల్స్‌లో ప్రైమరీ బడి కిలోమీటరు లోపల ఉండాలని ఉంది. ఫోన్ మ్యాప్‌లో చూస్తే దగ్గరే కనిపిస్తుంది, నడిస్తే గంటన్నర, కాబట్టి పిల్లలతో పాటు మీరూ నడిచి టైం రాయండి, వానలో గెడ్డ వీడియో తీయండి. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసులోదే కాదు, మీ చిన్న ఊరికీ ఉండొచ్చు. అందులో బడి కావాలని తీర్మానం రాయించి, వేలిముద్రలు వేయించి, మండల విద్యాధికారి ఎంఈఓకీ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకీ ఇవ్వండి. రెండో కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు కొట్టించుకోకుండా మాత్రం బయటకి రావద్దు, తర్వాత ఎవరైనా మాకు రాలేదంటే అదే దిక్కు.

ఇక టీచరు. ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతాల, టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది, కాబట్టి వచ్చే సారుకి ఊరి భాష వస్తుందన్న గ్యారంటీ లేదు. నేను చూసిందొకటి చెప్తాను. కువి అనే గిరిజన భాష మాట్లాడే ఊళ్లో సారు చెంబు చూపించి ఇదేంటి, లోపల ఏముంది అంటే ఐదేళ్ల పిల్ల 'ఏయు' అంది, సారు కాదు నీళ్లు అన్నాడు, పిల్ల ఇక ఆ రోజంతా నోరు తెరవలేదు. అది కరెక్టే చెప్పింది కదా, వాళ్ల భాషలో నీళ్లని ఏయు అంటారు! అందుకే ఇంటరో డిగ్రీయో చదివిన ఆ ఊరమ్మాయినే వెతకండి, లేకపోతే పక్క ఊరమ్మాయిని. కువి, కొండ, సవర లాంటి భాషల్లో 2004లో మొదలైన మాతృభాష బోధన కోసం తెలుగు లిపిలోనే వాచకాలు వేశారు, ఆఫీసు బీరువాల్లో ఎక్కడైనా ఉన్నాయేమో అడిగి చూడండి.

టైంటేబుల్ మీరు వేయకండి, ఊరే వేయాలి. ఏప్రిల్‌లో ఇటుకల పండగ (గిరిజనుల వేట పండగ), చలికాలమంతా కాఫీ పళ్లు కోయడం, ఆ రోజుల్లో పొద్దున్నే రెండు గంటలు చాలు. పెద్దాడపిల్లలు చంకలో తమ్ముణ్ణో చెల్లినో పెట్టుకుని వస్తారు, పంపేయకండి, ఆ చిన్నదానికి పక్కన చాప వేసి ఓ పలక ఇవ్వండి, లేకపోతే రేపట్నుంచి ఇద్దరూ రారు.

చివరికి మావాడు, అయితే ఈ లక్ష ఏం చేయమంటావ్ అన్నాడు. ఆ అమ్మాయికి నెలకి ఎనిమిది వేలు ఇస్తే ఏడాదికి 96 వేలు, మిగిలిన నాలుగు వేలు పలకలకీ చాపలకీ. ఎవరి ఇంటి అరుగు మీద కూర్చోవాలో ఊరోళ్లే చెప్తారు. షెడ్ మాట వాళ్లు ఎత్తినప్పుడు చూద్దాంలే, మేకలకైతే ఆల్రెడీ ఒకటి వేసిచ్చాను.