చారల క్రోషే టాప్: సమస్యలు - పరిష్కారాలు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్కపోతే కాబట్టి, క్రోషేలో, అంటే కొక్కెం ఉన్న సూదితో అల్లి ఒంటిమీద వేసుకునే చారల టాప్‌కు యాక్రిలిక్ ఊలు కన్నా నూలు దారమే అనువైనది. అయితే నూలు దారం ఊలులా సాగి తిరిగి సర్దుకోదు కనుక, బిగువులో వచ్చిన ప్రతి తేడా బయటికి కనిపిస్తుంది. చారల అల్లికలో లోపాలు చాలావరకు వరుస ముగిసి రంగు మారే అంచు దగ్గరే పుడతాయి. ముందుగా వెతకవలసింది అక్కడే.

అల్లిక పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతోంది

డబుల్ క్రోషేలో (సూదికి దారం ఒకసారి చుట్టి వేసే పొడవాటి కుట్టులో) వరుస తిప్పినప్పుడు వేసే మూడు చైన్లు (గొలుసు కుట్లు) సాధారణంగా ఆ వరుసలోని మొదటి కుట్టుగా లెక్కకు వస్తాయి. తరువాతి వరుస చివర ఆ మూడో చైన్‌లో కుట్టు వేయకుండా తిప్పేస్తే వరుసకు ఒక కుట్టు తగ్గుతుంది; చైన్లను కుట్టుగా లెక్కిస్తూనే వాటి మొదట్లో కూడా మరో కుట్టు వేస్తే ఒకటి పెరుగుతుంది. రంగు మారిన చోట ఈ చైన్ కొత్త దారం కింద నలిగి కంటికి ఆనదు కనుక, మూడో చైన్‌లో చిన్న పిన్నీసు గుచ్చి ఉంచి, చార పూర్తయిన ప్రతిసారీ కుట్లు లెక్కపెట్టాలి. తప్పు దొరికితే ఆ వరుస వరకు విప్పడమే సరైన పని. పై వరుసలో ఒక కుట్టు కలిపి సరిపెడితే లెక్క కుదురుతుంది గానీ అంచులోని వంకర అలాగే ఉండిపోతుంది. మీరు చూసి అల్లే సూచనలు బ్రిటిష్ పద్ధతిలో రాసినవేమో కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ వాడిన పేర్లు అమెరికన్ పద్ధతివి; బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అన్నది అమెరికన్ పద్ధతిలోని సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టే.

కొత్త చార మొదటి కుట్టు మీద పాత రంగు కనిపిస్తోంది

ఒక కుట్టు ముగిశాక సూది మీద మిగిలే లూప్ (దారపు ఉచ్చు) తరువాతి కుట్టుకు తలభాగం అవుతుంది. అందువల్ల పాత రంగులోని చివరి కుట్టును పూర్తిగా ముగించకుండా, సూది మీద రెండు లూపులు ఉండగానే కొత్త దారం అందుకుని వాటి గుండా లాగాలి.

చారల మధ్య గీత చుక్కలు చుక్కలుగా ఉంది

కొత్త రంగును తప్పువైపు (టాప్ లోపలివైపు) వరుసలో మొదలుపెట్టినప్పుడు ఆ చుక్కలు మంచివైపు (బయటికి కనిపించేవైపు) తేలుతాయి. ప్రతి చారకు రెండు లేదా నాలుగు వరుసలు పెట్టుకుంటే రంగు ఎప్పుడూ మంచివైపునే మారుతుంది, దారం కూడా ఒకే అంచులో ఉంటుంది. ఒక్కో వరుసకు ఒక్కో రంగు కావాలనుకుంటే మూడు రంగులను వరుసక్రమంలో వాడండి: మళ్లీ అవసరమైన వేళకు ఆ దారం మీరున్న అంచులోనే ఉంటుంది కనుక తెంపే పని ఉండదు. చుక్కలు మాత్రం అప్పుడు కొన్ని కనిపిస్తాయి. నాకు అవి అందంగానే తోస్తాయి.

ఒక పక్క అంచు ముడుచుకుపోతోంది

తెంపకుండా అంచు వెంట పైకి తీసుకువెళ్లిన దారం బిగిసింది. అల్లికను బల్ల మీద చదునుగా పరచి, ఆ ఎత్తుకు సరిపడా దారం వదులుగా ఉంచాలి. నాలుగు వరుసలకు మించిన చార అయితే తెంపి, 15 సెంటీమీటర్ల కొస వదిలి, దానిని అదే రంగు కుట్లలో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి దాచాలి.

ఎరుపు రంగు తెలుపులోకి దిగింది

ఇది అన్నిటికన్నా బాధ కలిగించే సమస్య, ఎందుకంటే అల్లిక అంతా పూర్తయ్యాకే బయటపడుతుంది. ముదురు ఎరుపు, నీలం నూలు దారాల్లో పట్టుకోని అద్దకం మిగిలి ఉండవచ్చు. తడి బట్ట మడతలో ఉన్నంతసేపూ అది పక్క చారలోకి పాకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో మన జిల్లాల్లో బట్టలు త్వరగా ఆరవు కనుక ముప్పు మరింత ఎక్కువ. మొదలుపెట్టకముందే ప్రతి ముదురు దారం ముక్కనూ తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూడాలి. రంగు అంటితే ఆ దారాన్ని చిలపగా (ఉండలా కాక వదులు కట్టగా) చుట్టి, నీరు తేటగా వచ్చేవరకు ఉతకాలి. ఉప్పునీటిలో, వెనిగర్‌లో నానబెడితే రంగు నిలుస్తుందని చెబుతారు గానీ, అద్దకం పూర్తయిన నూలుకు వాటివల్ల ప్రయోజనం లేదు. అప్పటికే రంగు దిగి ఉంటే బట్టను ఆరనివ్వకుండా వెంటనే ఎక్కువ నీటిలో పదేపదే జాడించాలి. ఆరితే మరక వదలడం కష్టం.

ఉతికాక టాప్ పొడవు సాగింది

తడిసిన నూలు బరువుకు తీగమీద వేలాడే అల్లిక కిందికి జారుతుంది. నీటిని పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, చాపమీద పరచి నీడలో ఆరబెట్టాలి. ముందుగా 15 సెంటీమీటర్ల నమూనా ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టాకే దానిలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో కొలిచి, ఆ కొలతతో పొడవు లెక్క వేసుకోవాలి. అప్పటికీ అల్లిక వదులుగా అనిపిస్తే అర మిల్లీమీటరు సన్నని సూది తీసుకోవాలి.