ఐపీ పిటిషన్: దివాలా ప్రకటన నుంచి రుణ విముక్తి ఉత్తర్వు వరకు దరఖాస్తు విధానం

అప్పు తీర్చే దారులన్నీ మూసుకుపోయిన వ్యక్తిని ఆ భారం నుంచి చట్టబద్ధంగా తప్పించే ఏర్పాటు మన దేశంలో నూరేళ్లకు పైగా అమల్లో ఉంది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద సివిల్ కోర్టులో వేసే ఆ దరఖాస్తునే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఐపీ వేయడం, ఐపీ పెట్టడం అంటారు. ఐపీ వేసినవాడంటే ఎగవేతదారుడేనన్న అభిప్రాయం ఊళ్లలో బలంగా ఉంది గనుక, నిజంగా చితికిపోయిన చిన్న వర్తకుడు, చిట్టీల్లో మునిగిపోయిన గృహస్థు, పంట పోయి ప్రామిసరీ నోట్ల కింద నలిగిపోతున్న రైతు కోర్టు మెట్లెక్కడానికే సిగ్గుపడతారు. కానీ ఇది దాచుకోవలసిన తప్పు కాదు. ఆస్తిపాస్తులను దాచకుండా కోర్టు ముందు పెట్టిన రుణగ్రస్తుడికి చట్టసభ ఇచ్చిన హక్కు ఇది.

దరఖాస్తు చేసేవారు మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఒకటుంది. పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు పోదు. కోర్టు దివాలాదారుగా ప్రకటించినా అప్పు పోదు. ఆ ప్రకటన తరువాత విడిగా మరో దరఖాస్తు పెట్టుకుని, దానిపై విడుదల ఉత్తర్వు, అంటే కోర్టు వాడుకలో డిశ్చార్జి, పొందినప్పుడే బాధ్యత తీరుతుంది. మొదటి ఉత్తర్వుతోనే పని అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోవడమే ఈ విధానంలో జరిగే అతి పెద్ద నష్టానికి కారణం.

ఏ చట్టం, ఏ కోర్టు

2016లో వచ్చిన దివాలా స్మృతి 243వ సెక్షన్ ఈ పాత చట్టాన్ని రద్దు చేస్తున్నట్టు చెబుతుంది గాని, ఆ సెక్షన్‌ను ఇంకా అమల్లోకి తేలేదు. కొత్త స్మృతిలో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి, కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే వర్తిస్తోంది. ఏడాదికి 60,000 రూపాయలకు మించని ఆదాయం, 20,000కు మించని ఆస్తి, 35,000కు మించని అప్పు ఉండి సొంత ఇల్లు లేనివారికి అప్పు మాఫీ చేసే పద్ధతి కూడా ఆ స్మృతిలో రాసి ఉంది. అది కాగితం మీదే ఉంది కాబట్టి దాన్ని నమ్ముకుని ఎవరికీ డబ్బు కట్టవద్దు. కంపెనీ హామీతో సంబంధం లేని సాధారణ వ్యక్తికి నేటికీ దారి 1920 చట్టమే. చెన్నైలో స్థిరపడిన తెలుగువారికి మాత్రం కోల్‌కతా, ముంబై, చెన్నై నగరాల కోసం చేసిన 1909 నాటి వేరే చట్టం వర్తిస్తుంది. వారు మద్రాసు హైకోర్టును ఆశ్రయించాలి.

ఈ చట్టం కింద అధికారం జిల్లా కోర్టుది. ప్రభుత్వ నోటిఫికేషన్ ద్వారా కింది కోర్టులకూ ఆ అధికారం ఇవ్వవచ్చు గనుక మన జిల్లాల్లో చాలాచోట్ల ఐపీలు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో దాఖలవుతాయి. దరఖాస్తుదారు మామూలుగా నివసించే చోటు, వ్యాపారం చేసే చోటు, లేదా పనిచేసి సంపాదించుకునే చోటు ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే వేయాలి. అరెస్టయి ఉంటే నిర్బంధంలో ఉన్న ప్రాంతపు కోర్టులోనూ వేయవచ్చు.

ఎవరు అర్హులు

అప్పులు తీర్చలేని స్థితిలో ఉండటం మొదటి షరతు. దానికి తోడు పదో సెక్షన్ చెప్పే మూడు పరిస్థితుల్లో ఒకటి ఉండాలి: మొత్తం అప్పు 500 రూపాయలకు తగ్గకుండా ఉండటం, డబ్బు డిక్రీ, అంటే డబ్బు కట్టాలన్న కోర్టు తీర్పు, అమలులో అరెస్టయి లేదా జైల్లో ఉండటం, అలాంటి డిక్రీ అమలులోనే ఆస్తిపై జప్తు ఉత్తర్వు నిలిచి ఉండటం. ఆ 500 అంకె 1920 నాటిది. నేటి అప్పుల్లో దాన్ని దాటనివంటూ దాదాపు ఉండవు కాబట్టి ఆచరణలో ఈ షరతు ఎవరికీ అడ్డు కాదు. అప్పులు తీర్చలేనని పూర్తిస్థాయి రుజువు చూపవలసిన అవసరమూ లేదు. దరఖాస్తుదారు రుణగ్రస్తుడే అయినప్పుడు, ఆ మాట నమ్మడానికి ప్రాథమికంగా ఆధారాలున్నాయని కోర్టుకు తోస్తే చాలునని 24వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

డిక్రీ అమలులో అరెస్టు చేసి కోర్టు ముందు నిలబెట్టిన వ్యక్తికి, నీవు దివాలా దరఖాస్తు వేసుకోవచ్చు అని చెప్పవలసిన బాధ్యతను సివిల్ ప్రొసీజర్ కోడ్ 55వ సెక్షన్ కోర్టు మీదే పెట్టింది. నెలలోగా దరఖాస్తు వేస్తానని చెప్పి తగిన పూచీకత్తు ఇస్తే కోర్టు అతన్ని విడుదల చేయవచ్చు. ఈ సంగతి తెలియకపోవడం వల్ల భయంతో మళ్లీ అధిక వడ్డీకి అప్పు తెచ్చి పాత అప్పు కట్టే కుటుంబాలు ఉంటాయి. ఆ స్థితిలో ఉన్నవారు వకీలును మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

పిటిషన్‌లో ఏమి రాయాలి

దరఖాస్తు లిఖితపూర్వకంగా, సంతకంతో, దావాకు చేసే ధ్రువీకరణతో ఉండాలి. అప్పులు తీర్చలేకపోతున్నానన్న ప్రకటన, నివాసం లేదా వ్యాపార స్థలం, అరెస్టు గాని జప్తు గాని జరిగి ఉంటే ఏ కోర్టు ఉత్తర్వు వల్ల జరిగిందన్న వివరం, ఇంతకు ముందు ఎప్పుడైనా ఐపీ వేశారా, వేస్తే అది ఏమైందన్న సమాచారం అందులో తప్పక ఉండాలి. ఇవి తేలికైన భాగాలు. దరఖాస్తుకు ప్రాణం దానికి జతచేసే రెండు షెడ్యూళ్లలో ఉంది.

అప్పుల షెడ్యూలులో ప్రతి రుణదాత పేరు, చిరునామా, రావలసిన మొత్తం, అది నోటు మీద ఇచ్చినదా, చిట్టీ బాకీయా, సరుకు అరువా అన్న వివరం రాయాలి. తెలిసినంత వరకూ, తగినంత శ్రద్ధతో తెలుసుకోగలిగినంత వరకూ అన్నది చట్టం పెట్టిన కొలత. బంధువుల దగ్గర చేబదులుగా తెచ్చినదాన్ని మొహమాటంతో వదిలేయడం, గొడవ పడుతున్న ఒక్క రుణదాతను కావాలని తప్పించడం రెండూ ప్రమాదమే. పేరు చేర్చని రుణదాతకు నోటీసు వెళ్లదు. అతను తరువాత వచ్చి వాస్తవాలు దాచారని అభ్యంతరం చెబితే విడుదల దరఖాస్తు అక్కడే చిక్కుకుంటుంది.

ఆస్తుల షెడ్యూలులో ప్రతి ఆస్తి విలువ, అది ఉన్న చోటు రాసి, అదంతా కోర్టు ఆధీనంలో పెట్టడానికి సిద్ధంగా ఉన్నానని ప్రకటించాలి. అయితే కట్టుబట్టలతో నడిరోడ్డు మీద నిలబడాలని చట్టం కోరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించినవి ఇక్కడా మినహాయింపే: ఒంటిమీది బట్టలు, వంట పాత్రలు, పడకలు, ఆచారం ప్రకారం స్త్రీ తీయకూడని మంగళసూత్రం వంటి ఆభరణాలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతుకు సేద్యానికి కావలసిన పరికరాలు, పశువులు, విత్తనాలు, రైతు గాని కూలీ గాని తాను నివసిస్తున్న సొంత ఇల్లు, జీవిత బీమా సొమ్ము, ప్రావిడెంట్ ఫండ్. వీటిని కూడా షెడ్యూలులో చూపి, ఇవి మినహాయింపు కిందివని పక్కనే రాయడం మంచిదని నా అభిప్రాయం. దాచారన్న మాటకు అప్పుడు తావుండదు. లెక్కల పుస్తకాలకు మాత్రం మినహాయింపు లేదు, వాటిని అప్పగించాల్సిందే.

ఐపీకి ముందు ఆస్తిని భార్య పేరనో బావమరిది పేరనో రాసేయమని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ సలహా వినవద్దు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు జరిగిన బదిలీ, సదుద్దేశంతో ప్రతిఫలం ఇచ్చి కొన్నవారికి గాని, వివాహానికి ముందు ఆ వివాహ నిమిత్తంగా గాని చేసినది కాకపోతే, 53వ సెక్షన్ కింద కోర్టు దాన్ని రద్దు చేయవచ్చు. మూడు నెలల లోపు ఒక రుణదాతకు మాత్రమే మేలు చేస్తూ కట్టిన చెల్లింపు 54వ సెక్షన్ కింద చెల్లకుండా పోతుంది. ఆస్తి దాచడం, పుస్తకాలు నాశనం చేయడం వంటి వాటికి 69వ సెక్షన్ ఏడాది వరకు జైలు శిక్ష విధిస్తుంది.

దాఖలు తరువాత

కోర్టు పిటిషన్‌ను అడ్మిట్ చేసి, అంటే విచారణకు స్వీకరించి, తేదీ వేసి రుణదాతలకు నోటీసులు పంపుతుంది. రుణగ్రస్తుడు తానే వేసిన పిటిషన్‌లో మామూలుగా తాత్కాలిక రిసీవరును, అంటే కోర్టు తరఫున ఆస్తిని చూసుకునే వ్యక్తిని, కూడా నియమిస్తుంది. ఒకసారి అడ్మిట్ అయ్యాక కోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించుకోవడానికి వీల్లేదు. జప్తులో ఉన్న ఆస్తి వేలం కాకముందే ఐపీ అడ్మిట్ అయిందని అమలు కోర్టుకు నోటీసు అందితే, దరఖాస్తుపై ఆ ఆస్తిని రిసీవరుకు అప్పగించమని ఆ కోర్టు ఆదేశిస్తుంది. వేలం తేదీ దగ్గరపడ్డవారు ఈ నోటీసు విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

దివాలా ప్రకటన ఉత్తర్వు వచ్చిన క్షణం నుంచి మినహాయింపు లేని ఆస్తి అంతా కోర్టుకు లేదా రిసీవరుకు సంక్రమిస్తుంది. ఆ ఉత్తర్వు పిటిషన్ వేసిన తేదీ నుంచే అమల్లో ఉన్నట్టు భావిస్తారు. ఆ తరువాత కోర్టు అనుమతి లేకుండా ఏ రుణదాతా కొత్త దావా వేయలేడు. నడుస్తున్న దావాలను ఆయా కోర్టులు నిలిపివేయవచ్చు, లేదా షరతులతో కొనసాగించవచ్చు. అరెస్టు నుంచి రక్షణ మాత్రం దానంతటదే రాదు; దానికి 31వ సెక్షన్ కింద విడిగా దరఖాస్తు చేయాలి. ఇల్లు తాకట్టు పెట్టించుకున్న బ్యాంకు, బంగారం పెట్టుకుని అప్పిచ్చిన సంస్థ తమ తాకట్టు హక్కును ఎప్పటిలాగే వాడుకోవచ్చు. చెక్కు బౌన్సు కేసు క్రిమినల్ కోర్టులో వేరుగా నడుస్తుంది. ఐపీ వేసినంత మాత్రాన అది మూతపడదు.

ఇక్కడి నుంచి విడుదల వరకు కొన్ని అశక్తతలు వెంట ఉంటాయి. విడుదల పొందని దివాలాదారు శాసనసభకు, పార్లమెంటుకు పోటీ చేయడానికి అనర్హుడు. తన స్థితి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలో అంతకు మించో అప్పు తీసుకుంటే 72వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. ఈ మధ్యకాలంలో కొత్తగా చేతికొచ్చే ఆస్తి కూడా రిసీవరుకే చెందుతుంది.

విడుదల దరఖాస్తు

దివాలా ప్రకటన ఉత్తర్వులోనే, ఇన్నాళ్లలోగా విడుదలకు దరఖాస్తు చేసుకోవాలని కోర్టు గడువు పెడుతుంది. ఉత్తర్వు నకలు చేతికి రాగానే మొదట చూడవలసినది ఆ తేదీనే. గడువు చాలకపోతే కారణం చూపి పొడిగింపు కోరవచ్చు. రెండూ చేయకపోయినా, విచారణ రోజున హాజరు కాకపోయినా, 43వ సెక్షన్ కింద దివాలా ప్రకటన రద్దవుతుంది. అప్పుడు పాత అప్పులన్నీ యథాతథంగా తిరిగి వస్తాయి. ప్రకటన నుంచి రద్దు వరకు గడిచిన కాలాన్ని కాలపరిమితి లెక్కలోంచి తీసేస్తారు గనుక, నోట్లు కాలదోషం పట్టి ఉంటాయన్న ఆశ కూడా ఉండదు. కోర్టు అనుమతి లేకుండా మళ్లీ ఐపీ వేయడమూ కుదరదు.

విడుదల దరఖాస్తుపై కోర్టు రుణదాతల అభ్యంతరాలను, రిసీవరు నివేదికను పరిశీలించి పూర్తి విడుదల ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు, కొంతకాలం అమలును ఆపి ఉంచవచ్చు, లేదా ముందుముందు వచ్చే ఆదాయంలో కొంత కట్టాలన్న షరతుతో ఇవ్వవచ్చు. వెనకటి మూడేళ్ల వ్యాపార లెక్కలు రాయనివారికి, దివాలా తీశామని తెలిసీ వ్యాపారం సాగించినవారికి పూర్తి విడుదలను నిరాకరించాలని 42వ సెక్షన్ నిర్దేశిస్తుంది. తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాల మేరకైనా, అంటే సగమైనా, ఆస్తులు లేకపోవడం కూడా అలాంటి కారణమే. అయితే ఆ స్థితికి తాము బాధ్యులం కాదని చూపగలిగితే అది అడ్డు కాదు. పంట నష్టం, అగ్నిప్రమాదం, దీర్ఘకాల అనారోగ్యం వంటి వాటికి ఆసుపత్రి కాగితాలు, రెవెన్యూ ధ్రువపత్రాలు ముందునుంచీ భద్రపరచుకోవడం ఇందుకే.

విడుదల ఉత్తర్వు కూడా అన్నింటినీ తుడిచివేయదు. ప్రభుత్వానికి కట్టవలసిన బాకీ, మోసం వల్ల ఏర్పడ్డ అప్పు, కోర్టు ఆదేశించిన భరణం అలాగే ఉంటాయి. ఆ అప్పుకు హామీ సంతకం పెట్టిన మిత్రుడి బాధ్యత కూడా అలాగే ఉంటుంది. రుణదాత అతని మీదికి వెళ్లడాన్ని ఈ ఉత్తర్వు ఆపదు కాబట్టి, ఐపీ వేసే ముందే ఆ సంగతి అతనికి చెప్పడం ధర్మం.

సీనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉత్తర్వుపై అప్పీలు జిల్లా కోర్టులో 30 రోజుల్లో వేయాలి. చట్టం అనుమతించిన సందర్భాల్లో హైకోర్టుకు వెళ్లడానికి గడువు 90 రోజులు. వకీలు ఫీజు భరించలేనివారిలో మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు, కార్మికులు, నిర్ణీత పరిమితి లోపు ఆదాయం ఉన్నవారు 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఇందుకు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయాలి.