పాత వయొలిన్ అసలుదేనా? మూడో పాఠం: గీత దగ్గర చెక్కను చూడండి

లేబుల్ సంగతి గత పాఠంలో అయిపోయింది. ఒక్కటి మాత్రం మళ్లీ చెప్పాలి. లోపల ‘స్ట్రాడివారియస్’ (ఇటలీలోని ప్రసిద్ధ వయొలిన్ తయారీదారు పేరు) అని ఉన్నంత మాత్రాన ఆశ పెట్టుకోకండి. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్హెన్‌లో, ఫ్రాన్సులోని మిర్‌కూర్‌లో లక్షల్లో చేసిన వయొలిన్లలో చాలావాటికి ఆ కాగితమే అంటించారు. ఏ నమూనా చూసి చేశారన్నదే దాని అర్థం. కాగితాన్ని ఎవరైనా మార్చవచ్చు, చెక్క చారల్ని మార్చడం కష్టం. ఈ పాఠమంతా ఆ చారల గురించే.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, చిన్న టార్చి, పళ్ల డాక్టర్లు వాడే బుల్లి అద్దం దగ్గర పెట్టుకోండి. తీగలన్నీ ఒకేసారి వదులు చేయవద్దు. బిగువు పోతే లోపలి సౌండ్‌పోస్టు (ముందు, వెనక పలకల మధ్య నిలబెట్టిన చిన్న చెక్క పుల్ల) పడిపోవచ్చు.

మొదట అంచు. పలక చుట్టూ అంచుకు సుమారు 4 మి.మీ. లోపలగా నలుపు, తెలుపు, నలుపుగా ఒక సన్నని పట్టీ కనిపిస్తుంది. దాన్నే పర్ఫ్లింగ్ అంటారు. గాడి తీసి, మూడు సన్నని చెక్క పట్టీలు అందులో కూర్చి అతికిస్తారు. మొత్తం వెడల్పు ఒకటింపావు మి.మీ.కు అటూ ఇటూ ఉంటుంది. అంచున మొదలైన పగులు లోపలికి పాకకుండా ఆపడం దాని పని. చౌకరకాల్లో ఈ శ్రమ మానేసి సిరాతో గీత గీసేవారు. తేడా పట్టుకోవడానికి వార్నిష్ అరిగిన చోటు వెతకండి. అక్కడ టార్చిని ఏటవాలుగా వేసి ముందు పలక చేసే స్ప్రూస్ చెక్కలోని ఒక్క చార వెంట చూపు నడపండి. కూర్చిన పట్టీ అయితే చార దాని దగ్గర తెగిపోయి అవతల మళ్లీ మొదలవుతుంది. సిరా గీత అయితే చార దాని కిందుగా తెగకుండా సాగిపోతుంది. అయితే 18వ శతాబ్దపు ఇంగ్లండు వయొలిన్లు కొన్నింటికి సిరా గీతే ఉంటుంది. అందుకని ఈ ఒక్క కారణంతో వాయిద్యాన్ని తీసిపారేయకండి.

తర్వాత మెడ. 1800కు ముందటి వయొలిన్ల మెడ పొట్టి. తర్వాతి కాలంలో పాత సుడిని (మెడ చివర చుట్టలా చెక్కిన తలను) ఉంచి, పొడవైన కొత్త మెడ అతికించారు. తీగలు బిగించే బిరడల పెట్టె పక్కల ఆ అతుకు కనబడుతుంది. నకిలీల్లో అతుకు లాంటి గీత చెక్కి ఉంటుంది. మెడ చేసిన మేపుల్ చెక్కలోని పులిచారలు గీత దాటి అలాగే కొనసాగితే మెడ, సుడి ఒకే ముక్క. ఆ అతుకు ఉత్తుత్తిదే.

సుడి అరుగుదలను వయసుకు గుర్తుగా తీసుకోవద్దు. మనవాళ్లు సుడిని కుడిపాదం మీద ఆనించి వాయిస్తారు కాబట్టి ముప్పై ఏళ్ల వాయిద్యానికైనా అక్కడ రంగు పోవచ్చు.

చివరగా ముందు పలకపై ‘f’ ఆకారంలో ఉండే రంధ్రాల్లో ఎడమదానిలోంచి అద్దంతో బాస్‌బార్ (ఆ పలక లోపలి వైపు పొడవునా ఉండే చెక్క బద్ద) చూడండి. విడిగా అతికించినదైతే పలకకూ దానికీ మధ్య జిగురు గీత ఉంటుంది. చారలు పలకలోంచి నేరుగా బార్‌లోకి దిగితే రెండూ ఒకే చెక్కలోంచి తొలిచినవి. అది దాదాపుగా చౌక ఫ్యాక్టరీ పనే.

అభ్యాసం: అంచు, మెడ, బాస్‌బార్ మూడింటినీ దగ్గరగా ఫొటో తీసి, ఒక్కోదాని పక్కన ‘చార ఆగింది’ లేదా ‘చార సాగింది’ అని రాయండి. నాలుగో పాఠంలో పగుళ్లు చూద్దాం. వెనక పలకపై సౌండ్‌పోస్టు ఆనే చోట నిలువు గీత కనిపిస్తే దాన్నీ ఇప్పుడే ఫొటో తీసి ఉంచుకోండి.