పెయిర్డ్ టీ టెస్ట్: తేడాల కాలమ్ ఒక్కటి ఉంటే చాలు

ఒకే మనిషిని రెండుసార్లు కొలిచిన డేటా చేతిలో ఉందనుకోండి, ముందు చెయ్యాల్సింది పక్కన ఇంకో కాలమ్ పెట్టి రెండోదాంట్లోంచి మొదటిది తీసేసి తేడాలు రాసుకోవడం. ఇక లెక్కంతా ఆ కాలమ్ మీదే. పెయిర్డ్ శాంపిల్స్ టెస్ట్ అని పేరు పెద్దగా ఉంది గానీ లోపల ఉన్నది తేడాల మీద చేసే మామూలు టీ టెస్టే, అంటే వచ్చిన సగటు నిజంగా సున్నాకి దూరంగా ఉందా, ఊరికే అదృష్టవశాత్తూ అలా వచ్చిందా అని చూసే టెస్ట్. ఈ మాట మొదటి క్లాసులోనే ఎవరైనా చెప్పుంటే నేను ఆ చాప్టర్ ఫార్ములాలు విడిగా బట్టీ పట్టేవాణ్ణి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఉదాహరణకి నిజం డేటానే తీసుకుందాం. 1905లో కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు నిద్రమందుల మీద చేసిన ప్రయోగం అచ్చేశారు, అందులోంచి 10 మంది పేషెంట్ల లెక్కల్ని తీసుకుని 1908లో గోసెట్ తన పేపర్‌లో వాడాడు. ఈయన డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు, స్టూడెంట్ అనే మారుపేరుతో రాసేవాడు, స్టూడెంట్స్ టీ అని మనం చదువుకునేది ఆయన పేరు మీదే. ప్రతి పేషెంట్‌కీ రెండు మందులూ వేరువేరుగా ఇచ్చి, మామూలు కన్నా ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో రాశారు.

మొదటి మందుతో: 0.7, -1.6, -0.2, -1.2, -0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0
రెండో మందుతో: 1.9, 0.8, 1.1, 0.1, -0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4
తేడాలు: 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4

ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, రెండు మందులూ సగటున ఒకేలా పనిచేస్తాయా? నల్ హైపోథిసిస్ ఏమంటుందంటే అసలు తేడా సగటు సున్నా అని. దానికి ఎదురు మాట, సున్నా కాదు అని. ఏదో ఒక వైపు మాత్రమే చూస్తాం అనుకుంటే ఆ నిర్ణయం డేటా చూడకముందే అయిపోవాలి, చూశాక మార్చకండి, నేనైతే ఎప్పుడూ రెండు వైపులా టెస్టే వేస్తా.

లెక్క ఇలా. తేడాల మొత్తం 15.8, పదితో భాగిస్తే సగటు 1.58 గంటలు. స్టాండర్డ్ డీవియేషన్ (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కోసం ఒక్కో తేడాలోంచి 1.58 తీసి స్క్వేర్ చేసి కూడితే 13.616 వస్తుంది, దాన్ని 9తో భాగించాలి (10తో కాదు, ఇక్కడ చాలామంది తప్పుతారు), వర్గమూలం తీస్తే 1.23. దీన్ని 10 వర్గమూలంతో, అంటే 3.162తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ (సగటు ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పేది) 0.389. టీ విలువ అంటే 1.58ని 0.389తో భాగించడం, 4.06. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, జతల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది, మొత్తం 20 కొలతలున్నాయి కదా అని 18 వెయ్యకూడదు. టీ టేబుల్‌లో 9కి ఎదురుగా 5 శాతం లెవెల్ దగ్గర 2.262 ఉంటుంది, మనది 4.06, బాగా దాటేసింది, కాబట్టి నల్ హైపోథిసిస్‌ని తోసేస్తాం. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే పీ వాల్యూ (నల్ హైపోథిసిస్ నిజమైతే ఇంత తేడా, లేదా ఇంతకన్నా పెద్దది, రావడానికి ఉన్న అవకాశం) 0.0028.

95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌కి (అసలు తేడా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు) కొత్తగా కష్టపడక్కర్లేదు, 2.262ని 0.389తో గుణిస్తే 0.88, దాన్ని 1.58కి అటూ ఇటూ పెడితే 0.70 నుంచి 2.46 గంటలు. నా మాట వింటే రిపోర్ట్‌లో పీ వాల్యూ కన్నా ముందు ఇది రాయండి. తేడా ఉంది అని చెప్పడం ఒకెత్తు, ఆ తేడా 40 నిమిషాలంత చిన్నదై ఉండొచ్చు లేదా రెండున్నర గంటలంత పెద్దదై ఉండొచ్చు అని చెప్పడం ఇంకో ఎత్తు, డాక్టర్‌కి పనికొచ్చేది రెండోదే. 95 శాతం అంటే అర్థం కూడా సరిగ్గా పట్టుకోండి, ఇలాంటి ప్రయోగం మళ్ళీ మళ్ళీ చేసి ప్రతిసారీ ఇంటర్వల్ కడుతూ పోతే వందలో సుమారు 95 ఇంటర్వల్స్ అసలు తేడాని లోపల పెట్టుకుంటాయని, అంతేగానీ 95 శాతం పేషెంట్లకి ఇంత నిద్ర పెరుగుతుందని కాదు.

సరే, జతలు పట్టించుకోకుండా ఇదే డేటాకి మామూలు రెండు శాంపిళ్ళ టెస్ట్ వేస్తే? సగటు తేడా అదే 1.58, కానీ స్టాండర్డ్ ఎర్రర్ 0.389 కాస్తా 0.849 అయిపోతుంది, టీ 1.86కి పడిపోతుంది, పీ వాల్యూ 0.079, ఇంటర్వల్ -0.20 నుంచి 3.36, మధ్యలో సున్నా వచ్చి కూర్చుంది. ఎందుకంటే మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంది. ఏడో పేషెంట్ ఏ మందు వేసినా బాగా నిద్రపోయాడు, 3.7, 5.5. నాలుగో పేషెంట్‌కి ఏదీ పెద్దగా పనిచెయ్యలేదు, -1.2, 0.1. ఈ మనుషుల మధ్య తేడా అంతా మందుల మధ్య తేడాని కప్పేస్తుంది, అదే ఎవరికి వాళ్ళనే పోల్చి తీసివేస్తే ఆ గోల పోతుంది. రెండు కాలమ్స్ మధ్య కోరిలేషన్ (ఒకటి పెరిగితే రెండోది కూడా ఎంత గట్టిగా పెరుగుతుందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.8 దాకా ఉంది కాబట్టే ఇంత లాభం, కోరిలేషన్ లేకపోతే జతలు కట్టినా ఏమీ మిగలదు.

ఎక్సెల్‌లో అయితే టీ.టెస్ట్ ఫంక్షన్‌కి రెండు కాలమ్స్ ఇచ్చి, టెయిల్స్ దగ్గర 2, టైప్ దగ్గర 1 ఇవ్వాలి, టైప్ 1 అంటేనే పెయిర్డ్. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ డేటా స్లీప్ అనే పేరుతో రెడీగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం చేతులు జోడించి చెప్తున్నా, ఒక కాలమ్‌ని విడిగా సార్ట్ చెయ్యకండి. ఒక ఫార్మసీ ప్రాజెక్ట్ డేటాకి సాయం చేస్తూ నేను బీపీ రీడింగ్స్ ఒక వైపు మాత్రం సార్ట్ చేసేశా, జతలన్నీ చెదిరిపోయాయి, సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రరూ చూపించదు, ఆన్సర్ చక్కగా ఇచ్చేస్తుంది, అసలు ఫైల్ దాచుకున్నాం కాబట్టి బయటపడ్డాం. ఎవరికైనా రెండో కొలత లేకపోతే ఆ మనిషి మొత్తం జతే తీసెయ్యాలి, కింది నంబర్ పైకి జరపకూడదు. ఇంకోటి, రెండు సెక్షన్లలో చెరో 30 మంది పిల్లలున్నంత మాత్రాన అది పెయిర్డ్ అయిపోదు, మొదటి వరసలో ఉన్న ఇద్దరికీ నిజంగా సంబంధం ఉండాలి. ఒకే మడిని రెండు ముక్కలు చేసి చెరో ఎరువు వేస్తే ఆ ముక్కలు జతే.

నార్మల్‌గా (సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకుని) ఉన్నాయా అని చూడాల్సింది కూడా తేడాలనే, అసలు కొలతల్ని కాదు. ఇక్కడే తొమ్మిదో పేషెంట్ దగ్గర ఆగాలి, 4.6 అంటే మిగతావాళ్ళకి చాలా దూరం. తీసేస్తే రిజల్ట్ పడిపోతుందేమో అని భయం వేస్తుంది, లెక్క వేసి చూస్తే సగటు 1.24కి తగ్గింది గానీ స్టాండర్డ్ డీవియేషన్ 0.66కి పడిపోయింది, టీ ఏకంగా 5.66 అయింది, ఇంటర్వల్ 0.74 నుంచి 1.75. అంటే మందుల మధ్య తేడా ఉందనే మాట ఆ ఒక్క పేషెంట్ మీద ఆధారపడి లేదు, కానీ అది రెండున్నర గంటల దాకా ఉండొచ్చు అనే మాట మాత్రం చాలావరకు అతని వల్లే వచ్చింది. కొలత తప్పు అని రుజువు లేకుండా అతన్ని తీసెయ్యకూడదు, రెండు లెక్కలూ పక్కపక్కన రాసి పెట్టండి, అనుమానం ఇంకా ఉంటే విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ టెస్ట్ (తేడాల విలువల బదులు వాటి ర్యాంకులు వాడే టెస్ట్) కూడా ఒకసారి వేసి చూడండి.