పాత రిసీవర్ బాగుచేద్దాం – 4వ పాఠం: వెలగని స్టీరియో దీపం

పోయిన పాఠంలో పాత రేడియో రిసీవర్ మూత విప్పడం, పెద్ద కెపాసిటర్లలో మిగిలిన చార్జి దిగిందో లేదో మీటరుతో చూడటం నేర్చుకున్నాం. ఈసారి ముందు ప్యానెల్లో ‘స్టీరియో’ అక్షరాల వెనక వెలిగే బుల్లి బల్బు పని పడదాం.

విప్పే ముందు అది నిజంగా మాడిందో లేదో తేల్చుకోండి. డయల్ లైటులా స్విచ్ వేయగానే వెలిగే దీపం కాదిది. ఎఫ్.ఎం. స్టేషన్ పాటతోపాటు పంపే 19 కిలోహెర్ట్జ్ పైలట్ సిగ్నల్ (‘ఇది స్టీరియో’ అని సెట్టుకు తెలిపే గుర్తు) అందితేనే లోపలి సర్క్యూట్ దీన్ని వెలిగిస్తుంది. 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ ఆకాశవాణి పెట్టుకుని ఎదురుచూస్తే ఎంతసేపైనా వెలగదు, అది మీడియం వేవ్. ఎఫ్.ఎం.లో కూడా మోనో బటన్ నొక్కి ఉన్నా, వెనక యాంటెన్నా వైరు ఊడినా అంతే. ఇవన్నీ చూసి, బలంగా అందే స్టేషన్ పెట్టినా వెలగకపోతే అప్పుడు బల్బును అనుమానించండి.

ప్లగ్ పీకేసి, బల్బు వైరు ఒక కొస ఊడదీసి మీటరు పెట్టండి. మీటరు కొసలు దేనికీ తగలనప్పటిలాగే ఉంటే ఫిలమెంట్ (బల్బులో వెలిగే సన్నని తీగ) తెగినట్టే. కొత్తవాళ్లు తికమకపడేది బాగున్న బల్బు దగ్గరే. 6 వోల్టులు, 50 మిల్లీయాంపుల బల్బుకు లెక్క ప్రకారం 120 ఓమ్స్ రావాలి కదా, మీటరేమో పది, పదిహేను చూపిస్తుంది. షార్ట్ అయిందనుకుని పారేయకండి. చల్లగా ఉన్న ఫిలమెంట్ రెసిస్టెన్స్ వెలిగినప్పటి దాంట్లో దాదాపు పదోవంతే ఉంటుంది.

ఇక కొత్త బల్బు. గవర్నర్‌పేటలో స్పేర్ల షాపుకు వెళ్లి ‘ఆరు వోల్టుల చిన్న బల్బు’ అని మాత్రం అడగకండి. 6 వోల్టులు, 3 వాట్ల సైకిల్ డైనమో బల్బు చేతిలో పెట్టినా తప్పు వాళ్లది కాదు. అది అర యాంపు లాగుతుంది, అంటే మనకు కావలసిన దానికి పది రెట్లు. చాలా సెట్లలో ఈ దీపాన్ని నడిపేది ఒక చిన్న ట్రాన్సిస్టర్. అంత కరెంటుకు అది మాడిపోతుంది. బల్బు పోతే సులువుగా దొరుకుతుంది, నలభై ఏళ్ల నాటి ట్రాన్సిస్టర్ అలా దొరకదు. అందుకే వోల్టులతోపాటు మిల్లీయాంపులు కూడా సర్వీస్ మాన్యువల్ చూసి రాసుకుని వెళ్లండి.

ఎల్‌ఈడీ పెట్టొచ్చు, కానీ సిరీస్‌లో రెసిస్టర్ లేకుండా వద్దు. నా ఓటు మాత్రం మామూలు బల్బుకే. ఆకుపచ్చ డయల్ పక్కన ఆ పసుపు వెలుగే ఆ సెట్టుకు అందం.

టంకం వేసేటప్పుడు తీగను గాజు మొదట్లో వంచితే గాజు పగులుతుంది. నోస్ ప్లయర్‌తో గాజు పక్కనే తీగను పట్టుకుని, మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి అవతల వంచండి. వైరుకు స్లీవ్ (అతుకును కప్పే సన్నని గొట్టం) ముందే తొడగండి, అతికించాక ఎక్కదు. టంకం చల్లారాక స్లీవ్‌ను అతుకు మీదకు జరిపి, బల్బును పాత రబ్బరు తొడుగులో కూర్చోబెట్టండి.

మరో మాట. సెట్టు వెనక 220, 240 అని సెలెక్టర్ ఉంటే ఇప్పుడే చూడండి. మన ఇళ్లకు వచ్చేది 230. రాత్రిళ్లు ఇంకా పెరిగే వీధిలో ఉంటే 240కి మార్చండి. దాంతో బల్బుకు అందే వోల్టేజి కాస్త తగ్గుతుంది. అది పదోవంతు తగ్గితే బల్బు ఆయుష్షు సుమారు మూడు రెట్లవుతుంది.

అయిదో పాఠం లోపు చేయాల్సిన అభ్యాసం: ఎఫ్.ఎం. స్టీరియోలో దీపం వెలుగుతుండగా బల్బు రెండు కొసల మధ్య వోల్టేజి కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. పవర్ స్విచ్ దగ్గర 230 వోల్టులుంటాయి, మీటరు కొసలు అటు పోనివ్వకండి.