మూలపడ్డ పాత సైకిల్‌ను మళ్లీ రోడ్డెక్కించాలంటే

అనంతపురంలో పాత మిద్దెల మెట్ల కింద ఇప్పటికీ నల్ల సైకిళ్లు కనిపిస్తాయి, హీరోనో అట్లాసో హెర్క్యులిసో, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, టైర్లలో గాలి పోయి ఏళ్లయి ఉంటుంది. దాన్ని పాత ఇనుముకు వేసేయకండి. మన దగ్గర ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమే కాబట్టి ఫ్రేమ్ అంత తొందరగా తుప్పు తినదు, మన ఎండకు పాడయ్యేది రబ్బరు, మన దుమ్ముకు పాడయ్యేది గ్రీజు. కూరగాయలకో, పొద్దున్నే అలా తిరిగి రావడానికో అయితే పెయింట్ జోలికి పోవద్దు, ఉన్న డబ్బు ఈ రెండింటి మీదే పెట్టండి.

ముందు ఫ్రేమ్‌ను తడిగుడ్డతో తుడిచి, హ్యాండిల్ కింద పైపులు కలిసే చోట వేలితో తడిమి చూడండి. చీలిక తగిలితే అక్కడితో ఆపేయడమే మంచిది. పైపైన తుప్పయితే డీజిల్‌లో ముంచిన గుడ్డతో రుద్దితే చాలు.

టైర్లు, ట్యూబులు, బ్రేక్ రబ్బర్లు, వాల్వు మీది సన్న రబ్బరు గొట్టం, ఇవన్నీ చూడ్డానికి బాగున్నా మార్చేయండి. టైరును వేళ్ల మధ్య వంచితే పక్కన సన్న పగుళ్లు విచ్చుకుంటాయి, దాన్ని నమ్ముకుని రోడ్డెక్కకూడదు. కొత్త ట్యూబ్ ఎక్కించే ముందు రిమ్ము లోపల పుల్లల తలలు పొడుచుకు రాకుండా పట్టీ ఉందో లేదో చూసుకోండి. మన ఊరి బయట తుమ్మముళ్లు, పల్లేరుకాయలు తెలిసిందే కదా, పాత ట్యూబును నిలువునా కోసి టైరు లోపల పరిస్తే పంక్చర్లు చాలా తగ్గుతాయి.

ఇక అసలు పని పెడల్ దగ్గర. తొక్కేటప్పుడు ప్రతి చుట్టుకూ టక్ టక్ మంటుంటే మొదట అనుమానించాల్సింది కాటర్ పిన్నునే, అంటే పెడల్ కాడను (క్రాంకును) మధ్య ఇరుసుకు బిగించి పట్టే పిన్నును. నట్టును మర చివరిదాకా వదులు చేసి, పూర్తిగా తీయకుండా, క్రాంకు కింద గట్టి చెక్కో ఇనుప పైపో ఆన్చి, నట్టు మీద సుత్తితో ఒక్కటే గట్టి దెబ్బ వేయండి. కింద ఆనుడు లేకుండా కొడితే ఆ దెబ్బంతా ఇరుసు చుట్టూ ఉండే బాల్స్ మీద పడి, అవి కూర్చునే కప్పులకు గుంటలు పడతాయి. పిన్నులు రెండూ కలిపి మార్చండి, ఒకటి ఇటు, ఒకటి అటు తిరగేసి వేస్తేనే రెండు క్రాంకులూ ఒకే గీతలో నిలుస్తాయి. ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుంది, అది తెలియక బలవంతంగా తిప్పి మర చెడగొట్టుకునేవాళ్లు చాలామంది. విప్పారు కాబట్టి బాల్స్ కూడా డీజిల్‌లో కడగండి, మెరుపు పోయి గరుకుగా ఉన్నవి పక్కన పెట్టి కొత్త సెట్టు, కొత్త గ్రీజు వేయండి. రెండు చక్రాల నడుమ ఉండే హబ్బులకూ ఇదే పని.

చైనుకు దయచేసి వంటనూనె పోయకండి. మా మామ సైకిల్‌కు ఇంట్లో ఉంది కదా అని శనగనూనె పోస్తూ వచ్చారు, నేను తీసి చూసేసరికి అది జిగురులా గట్టిపడి, ఎర్రదుమ్ము పట్టి, లింకులు వంగడమే మానేశాయి, ఒక రాత్రంతా డీజిల్‌లో నానబెట్టాల్సి వచ్చింది. కుట్టుమిషన్ ఆయిల్ ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేసి, పైన మిగిలింది పొడిగుడ్డతో తుడిచేయండి. ఫ్రీవీల్‌లోకి, అంటే వెనక చక్రం పళ్లచక్రంలోకి కూడా ఆ పల్చటి ఆయిలే, గ్రీజు పెడితే లోపలి చిన్న నాలుకలు అంటుకుపోయి పెడల్ ఉత్తినే తిరుగుతుంది. చైను రెండు కొసలనూ కలిపే లాక్ బిగించేటప్పుడు దాని మూసిన కొన చైను పరుగెత్తే వైపుకు ఉండాలి.

చక్రం వంకర ఎక్కువుంటే షాపులో ఇచ్చి తీయించండి, రాడ్ బ్రేకులు రిమ్ము లోపలి అంచును పట్టుకుంటాయి కాబట్టి వంకర ఉంటే ఒక చోట పట్టి ఒక చోట వదిలేస్తాయి.

ఎక్కబోయే ముందు, ముందు చక్రం బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకు తోసి చూడండి, చక్రం తిరగకూడదు. మొదటి రోజు రెండు మూడు కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చాక కాటర్ పిన్ను నట్లు మళ్లీ బిగించండి, కొత్త పిన్ను బరువుకు కాస్త లోపలికి కూర్చుంటుంది, నట్టు వదులవుతుంది.