ఒడిశా నంబరు బండి అమ్ముతున్నారా? పేరు మార్పిడి ఎలా చేయించాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో బండి అమ్మకానికి పెడితే ఆంధ్రాలోని పాతపట్నం నుంచి ఫోన్లు వస్తాయి. బరంపురంలో పెడితే ఇచ్ఛాపురం వాళ్ళు, రాయగడలో పెడితే పార్వతీపురం వాళ్ళు అడుగుతారు. మన చుట్టరికాల్లాగే బేరాలకూ సరిహద్దు అడ్డు రాదు. ఆర్టీఓ కాగితాలకు మాత్రం వస్తుంది. అందుకే బేరం మొదలుపెట్టక ముందే కొనేవారి ఆధార్‌లో చిరునామా ఏ రాష్ట్రానిదో కనుక్కోండి. చేయాల్సిన పనంతా దాన్నిబట్టే మారిపోతుంది.

ముందు ఇంట్లో కూర్చుని చేసే పని. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చలానాలు, పన్ను, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చూసుకోండి. ఆర్‌సీకి కలిపిన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ దగ్గరే ఉందా? ఓటీపీ దానికే వస్తుంది కాబట్టి పాత సిమ్ పోయి ఉంటే ముందు అది మార్పించండి. ఫైనాన్స్‌లో కొన్న బండికి వాయిదాలు కట్టేస్తే పని అయిపోయినట్టు కాదు. బ్యాంకు నుంచి ఫారం 35, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు ఉందన్న నమోదు, తీయించాలి. ఈ బ్యాంకు ఎన్‌ఓసీ వేరు, కింద చెప్పబోయే ఆర్టీఓ ఎన్‌ఓసీ వేరు.

కొనేవారు ఒడిశావారే అయితే పని తేలిక. ఫారం 29 మీరు అమ్మినట్టు ఇచ్చే సమాచారం, ఫారం 30 పేరు మార్చమని పెట్టే దరఖాస్తు. అమ్మిన 14 రోజుల్లో మీరు, 30 రోజుల్లో కొన్నవారు ఆర్టీఓకి తెలపాలి. కేంద్రం పెట్టిన ఫీజు బైకుకి 150, సొంత కారుకి 300 రూపాయలు. దానిమీద రాష్ట్రం వేసే చార్జీలు అదనం.

కొనేవారు ఆంధ్రావారైతే అసలు పని ఆర్టీఓ ఎన్‌ఓసీ. మీ బండి రిజిస్టరైన ఆఫీసులోనే, అంటే ఓడీ 20 అయితే గజపతిలో, ఓడీ 18 అయితే రాయగడలో, ఓడీ 10 అయితే కొరాపుట్‌లో ఫారం 28 పెట్టాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ప్రింట్ కూడా కావాలి. దరఖాస్తు ఇచ్చాక రసీదు తప్పకుండా తీసుకోండి. ఇవ్వడం కుదరదని ఆఫీసు 30 రోజుల్లోగా చెప్పకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే లెక్కని మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ చెబుతోంది. ఆ రసీదు లేకపోతే ఈ మాట మీకు అక్కరకు రాదు. రాష్ట్రం దాటే అమ్మకంలో ఎన్‌ఓసీ అందజేయడానికి మీకున్న గడువు 45 రోజులు.

నన్నడిగితే ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా అడ్వాన్స్ తీసుకుని బండి ఇంట్లోనే ఉంచుకోవడం మేలు. కొనేవారు తొందరపెడతారు, పెట్టనీయండి.

ఆ తర్వాత కొన్నవారు తమ ఆర్టీఓలో 29, 30తో పాటు కొత్త నంబరు కోసం ఫారం 27 పెట్టుకోవాలి. బండి వయసును బట్టి అక్కడ లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి. ఇది ముందే చెప్పకపోతే గొడవ వస్తుంది. ఒడిశాలో కట్టేసిన పన్ను చూపించి "టాక్స్ క్లియర్" అంటే ఆంధ్రాలో సరిపోదు. అవన్నీ అయ్యాకే ఏపీ నంబరు వస్తుంది.

"వేరే రాష్ట్రం నంబరుతో ఏడాది తిరగొచ్చు కదా, తొందరేముంది?" అని కొందరు అంటారు. ఆ 12 నెలలు నంబరు మార్చుకోవడానికి ఉన్న గడువు. చేతులు మారిన బండికి పేరు మార్చే గడువు వేరు, అది 30 రోజులే. బ్రోకర్లు ఈ రెండింటినీ కలిపి చెబుతారు. ఖాళీ ఫారాల మీద సంతకాలు అడిగేదీ వాళ్ళే. ఇవ్వకండి. బండి నలుగురి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మీదే ఉంటే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత మీ మీదికి వస్తుంది. రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పాత బండ్ల డీలరుకు అమ్మితే అతనికి ఆర్టీఓ అనుమతి పత్రం ఉందో లేదో చూసి, ఫారం 29సీ ద్వారా బండి అప్పగింతను నమోదు చేయించండి.

బండి ఇచ్చే రోజు అమ్మకం పత్రంలో తేదీతో పాటు గంట కూడా రాయండి. సాయంత్రం నాలుగింటికి బండి ఇస్తే, ఐదింటికి పడిన చలానా ఎవరిదో దాన్ని చూపించి తేల్చవచ్చు. మీటరు రీడింగ్, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, ఇద్దరి సంతకాలు, కొన్నవారి ఆధార్ కాపీ ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి. పత్రం తెలుగులో రాసుకుంటే మనకు బాగానే ఉంటుంది గానీ ఒడిశా ఆఫీసులో చదివేవారు ఉండకపోవచ్చు, ఇంగ్లీషులో రాయించండి. కారైతే ఫాస్టాగ్ అప్పుడే మూయించండి, లేదంటే టోల్ మీ ఖాతాలోంచే పోతుంది.

ఇన్సూరెన్స్ తమ పేరుకు మార్చమని కొన్నవారు 14 రోజుల్లో కంపెనీని అడగాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం బండితో పోదు, అది మీదే. కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే కొత్త బండికి వాడుకోవచ్చు.

నెల దాటాక పరివాహన్‌లో నంబరు మళ్ళీ కొట్టి చూడండి. ఇంకా మీ పేరే కనిపిస్తే కొన్నవారికి ఫోన్ చేసి ఊరుకోకుండా ఫారం 29 రసీదు, అమ్మకం పత్రం కాపీలు జతచేసి మీ ఆర్టీఓకి రాతపూర్వకంగా తెలపండి. ఆ కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి.